పిల్లను పంపను

“నాలుగింటికి పోలీసు జీపు వస్తుంది. అప్పటిదాకా ఏం చూసుకుంటారో చూసుకోండి మేడం,” అన్నాడు కత్తెర. “మీరొచ్చారని నేను జీపును ఆపను.”

“ఆపమని నేనడగలేదు,” అంది డిటెక్టివ్.

గోడ గడియారంలో ఒకటీ నలభై.

అది కార్ల ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే గది. పొడవాటి బల్ల మీద విప్పి పెట్టిన గేరుబాక్సు ఒకటుంది. దాని పక్కన ఒక నోటుబుక్కు, ప్లాస్టిక్ సంచిలో ఒక ఫోను. ఆ ఫోను, మూలన కుర్చీలో కూర్చున్న అల్లుడిది. పెయింట్ షాపులో పనిచేస్తాడు, ముప్పై ఏళ్ళుంటాయి. నోటుబుక్కు అతని మామగారిది. ఆ మామగారు నిన్న పొద్దున ఎనిమిదీ నలభైకి, కార్లను కింది నుంచి చూసే తనిఖీ గుంటలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు.

నిన్న పోలీసులు వచ్చి, కాలు జారి పడ్డాడని రాసుకుని వెళ్ళిపోయారు. ఈ రోజు పొద్దున నోటుబుక్కు కత్తెర చేతికి చిక్కింది. దాంతో ప్రమాదం కాస్తా హత్య అయింది.

కత్తెర అసలు పేరు ఆ ఫ్యాక్టరీలో ఎవరూ వాడరు. ఫ్యాక్టరీని కొనుక్కున్న విదేశీ కంపెనీకి అతను విచారణాధికారి. అతను అడుగుపెట్టిన మూడు ఫ్యాక్టరీలూ ఏడాది తిరక్కుండా మూతబడ్డాయి. అందుకే కార్మికులు ఆ పేరు పెట్టారు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినా బాధపడినట్టు లేడు.

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని అల్లుడికి ఎదురుగా కూర్చుంది. ఉదయం పదకొండింటికి ఇతని భార్య ఆవిడ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. “నాన్న పోయాడు. ఈయన్ని కూడా తీసుకుపోతే నాకు మిగిలేదెవరు?” అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. ఏడవలేదు. ఇప్పుడు కింద రిసెప్షన్లో కూర్చుని ఉంది.

“నిన్న మీ మామగారి దగ్గరికి ఎన్నింటికి వెళ్ళారు?”

“ఎనిమిదీ పదికి మేడం. టిఫిన్ డబ్బా ఇచ్చొద్దామని.”

“డబ్బా ఎవరు కట్టారు?”

“మా ఆవిడ. మామయ్య ఆరింటికే ఇంట్లోంచి బయల్దేరి వచ్చేశాడు. నేను దారిలో వాళ్ళింటి దగ్గర ఆగి తెచ్చాను.”

“వాళ్ళింటి దగ్గర,” అన్నాడు కత్తెర, ఆ మాటను పట్టుకుని. “విన్నారుగా? పెళ్ళాం మూడు వారాలుగా పుట్టింట్లో ఉంది.”

“ఆయనకి టైఫాయిడ్ వచ్చింది సార్! ఇంట్లో ఇంకెవరున్నారు చూసుకోడానికి?”

“నిన్నడగలేదు.”

“నన్ను తప్ప అందర్నీ అడుగుతున్నారు కదా, అదే నా బాధ!”

డిటెక్టివ్ చెయ్యెత్తి అతన్ని ఆపింది. “డబ్బా ఇచ్చి ఎన్నింటికి బయటికొచ్చారు?”

“ఎనిమిదీ ఇరవై. ఎనిమిదిన్నరకి పెయింట్ షాపులో కార్డు కొట్టాను.”

“పది నిమిషాల నడకకి పది నిమిషాలు సరిపోయాయి. తోసెయ్యడానికి ఒక్క క్షణం చాలు,” అన్నాడు కత్తెర. నోటుబుక్కు తీసి, ముందే మడిచిపెట్టిన చివరి పేజీ విప్పాడు. “ఇది ఆ పెద్దమనిషి చేతిరాత. వినండి. ‘పిల్లను ఈ స్థితిలో గడప దాటించను. ఎవరు చెప్పినా పంపను. పంపాల్సిందేనని ఇవాళ కూడా గొడవ పెట్టుకున్నాడు. అత్తారింట్లో ఏదైనా అయితే ఆ పాపం ఎవరిదన్నాను. రేపు పొద్దున మళ్ళీ వస్తాడట. రానీ.’ మర్నాడు పొద్దున అల్లుడొచ్చాడు. అరగంటకి మామ శవమయ్యాడు. ఇంకేం కావాలి మీకు?”

“మేం గొడవపడలేదు మేడం. ఆయన అలా ఎందుకు రాశాడో నాకు తెలీదు. ఒట్టు.”

డిటెక్టివ్ చెయ్యి చాపింది. కత్తెర పుస్తకం ఇవ్వలేదు.

“సాక్ష్యం. జీపులో వెళ్తుంది.”

“పేజీలు తిప్పితే అరిగిపోతుందా?”

“మీ చేతిలో పడితే పేజీలు తగ్గుతాయేమోనని.”

ఆవిడ లేచి నిలబడింది. “గుంట చూసొస్తాను. తగ్గే పేజీల సంగతి వచ్చాక మాట్లాడుకుందాం.”

*

తనిఖీ విభాగంలో ఆవిణ్ణి చూసి ఎవరూ పలకరించలేదు. నలుగురు ఫిట్టర్లు పని ఆపి, వీపులు తిప్పుకున్నారు. నూనె మరకల ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ మాత్రం ఎదురొచ్చింది. ఆ గుంపుకి మేస్త్రీలా ఉంది.

“మీరూ హెడ్డాఫీసు మనిషేనా?”

“కాదు. అల్లుడి తరఫు.”

“ఎవరి తరఫైనా మాకొకటే. సాయంత్రానికి మా పని ఉంటుందో ఊడుతుందో తెలీదు. నాలుగున్నరకి వాళ్ళ బోర్డు దొరలు ట్రాక్ మీద మా కొత్త బండి నడిపి చూస్తారట. నచ్చితే ఉంచుతారు, లేకపోతే పద్నాలుగు వందల మందిమీ ఇళ్ళకి. ఈలోగా మీరొకరు. దిగండి, జాగ్రత్త. నిన్న కడిగారు, ఇంకా జారుతోంది.”

“కడగమన్నదెవరు?”

“మేనేజరు గారు. రక్తం చూస్తే లైన్లో చేతులు వణుకుతాయని.”

గుంట మనిషి నిలువెత్తు లోతు. మెట్లు దిగి డిటెక్టివ్ చాలాసేపు కదలకుండా నిలబడింది. ఆ ఊరికే నిలబడటం పైనున్నవాళ్ళకి చిరాకు తెప్పించింది.

“అక్కడ దెయ్యం ఏమైనా కనబడుతోందా?” అని ఎవరో అన్నారు. ఎవరో నవ్వారు.

లోపలి గోడ మీద సుద్దతో గీతలున్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ అయిదోది. అలాంటి కట్టలు ఎనిమిది. నలభై. నీళ్ళు కొట్టినప్పుడు కింది వరస కొంచెం చెరిగింది.

“ఈ లెక్క ఎవరిది?”

“మామది. కళ్ళద్దాల మామ ఏ పరీక్ష చేసినా అలాగే గీస్తాడు. ఏం పరీక్షో మాకు చెప్పడు. చివర్లో కాగితం మీద రాస్తాడు, అంతే.”

డిటెక్టివ్ పైకొచ్చి గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. నేలకి పసుపు రంగు వేసి ఉంది. కారు ఎక్కి నిలబడితే కుడి ముందు చక్రం వచ్చే చోట, రూపాయి బిళ్ళంత మేర రంగు బుడగలా లేచింది. గోటితో తాకితే పొరలా ఊడొచ్చింది. నీళ్ళతో కడిగితే నేల రంగు ఇలా లేవదు. ఇంజను ఆయిల్ పడినా లేవదు. దాన్ని ఇలా తినేసేది ఒక్కటే, బ్రేకు ఆయిల్.

“జరగండి మేడం!” వెనక నుంచి మేస్త్రీ అరిచింది. “పుట్టింటికొచ్చిన పిల్ల లోపలికొస్తోంది!”

డిటెక్టివ్ గబుక్కున తిరిగి, తన క్లయింటు వచ్చిందేమోనని తలుపు వైపు చూసింది. అమ్మాయెవరూ లేరు. ముందు బంపరు సొట్టపోయిన ఎర్ర కారొకటి మెల్లగా లోపలికొచ్చి ఆవిడ పక్కన ఆగింది.

ఆవిడ కారును చూసింది. తర్వాత మేస్త్రీని చూసింది.

“దీన్నేనా పిల్ల అన్నారు?”

“మరేమంటాం? కన్నాం, పెంచాం, గేటు దాటిస్తే అత్తారింటికి పోతుంది. అక్కడ కాపురం కుదరకపోతే రిపేరుకి పుట్టింటికొస్తుంది. మామ పెట్టిన మాటలే ఇవన్నీ. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఇంతే.”

“హెడ్డాఫీసాయనకి ఈ మాటలు తెలుసా?”

“ఆయన మా దగ్గరికొచ్చిందెప్పుడు? అద్దాల గదిలోంచి దిగితేగా!”

డిటెక్టివ్ ముఖంలో ఏమీ మారలేదు. మాట మాత్రం వేగం పుంజుకుంది. “తనిఖీ కాగితాలు ఎక్కడుంటాయి?”

ప్రతి కారుకీ ఒక కాగితం. మామ సంతకం చేశాకే కారు గేటు దాటాలి. మేస్త్రీ ఫైలు తెచ్చి ఆవిడ చేతిలో పడేసింది. నాలుగు వందల పన్నెండు, పదమూడు, పదిహేను.

“పద్నాలుగేది?”

మేస్త్రీ ఫైలు లాక్కుని తనే తిప్పి చూసింది. మొదటిసారి ఆమె గొంతులో కోపం తగ్గింది. “పద్నాలుగంటే కొత్త మోడల్ మేడం. బోర్డువాళ్ళు నడిపేది అదే. పోయే ముందు మూడు రోజులూ మామ దాన్ని వదల్లేదు. ఇక్కడే పెట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ లంచ్ నుంచి వచ్చేసరికి లేదు.”

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు చూపించాడు. నాలుగు వందల పద్నాలుగు, రెండూ పదికి బయటికి. తనిఖీ సంతకం ఉండాల్సిన గడిలో ప్లాంట్ మేనేజరు సంతకం ఉంది.

“డ్రైవరు నంబరివ్వండి. వెంటనే ఫోన్ చెయ్యాలి.”

“చేసి లాభం లేదు మేడం.” వాచ్‌మన్ టేబులు సొరుగు తెరిచాడు. అందులో ఫోన్లు రెండున్నాయి. “ఇంకా మార్కెట్లోకి రాని బండి. ఎవరైనా ఫొటో తీస్తారని, ఎక్కేవాళ్ళ ఫోన్లన్నీ ఇక్కడ పెట్టించుకోమని హెడ్డాఫీసు ఆర్డరు.”

రెండూ ఇరవై ఎనిమిది. డిటెక్టివ్ మెట్ల వైపు పరుగెత్తింది.

*

గదిలో ఇప్పుడు ప్లాంట్ మేనేజరు కూడా ఉన్నాడు. జుట్టు నెరిసి, చొక్కా చేతులు మడిచి, నిద్రలేని కళ్ళతో నిలబడ్డాడు. మామ, ఆయన ఒకే ఏడాది, ఒకే బ్యాచ్‌లో ఈ ఫ్యాక్టరీలో చేరారు. ట్రాక్‌కి బయల్దేరదామని కత్తెరను పిలవడానికొచ్చాడు.

“ఆ పుస్తకం ఇలా ఇవ్వండి,” అంది డిటెక్టివ్.

“చెప్పాగా...”

“మీరే పట్టుకోండి. చివరి పేజీ కాదు, దానికి ముందుది చదవండి. పైకి.”

కత్తెర నవ్వుతూ పేజీ తిప్పాడు. “‘పిల్లకు నాలుగు తలుపులూ...’” నవ్వు సగంలో ఆగింది.

“చదవండి.”

“‘పిల్లకు నాలుగు తలుపులూ సరిగ్గా పడుతున్నాయి. హారన్ గొంతు కాస్త కీచుగా ఉంది. అవతలి వాళ్ళ సామాను మొయ్యబట్టి బరువు పెరిగింది, వెయ్యీ ఇరవై కిలోలు.’”

మూలన అల్లుడు ముందుకు వంగాడు. “మామయ్య బండి గురించి రాసుకున్నాడు! నాకు తట్టనేలేదు. అయ్యో, నేనూ అందరితో పాటు రోజూ ఆ మాటే అంటాను కదా!”

“మీ మీద నేరం పెట్టి చదివారు కాబట్టి మీకూ అలాగే వినబడింది,” అంది డిటెక్టివ్. తర్వాత కత్తెర వైపు తిరిగింది. “ఇదిగో అయ్యా, మీరు ఇంత పెద్ద చదువు చదివి వెయ్యి కిలోల పిల్లకి ఇతన్ని మొగుణ్ణి చేశారు.”

కత్తెర చెవులు ఎర్రబడ్డాయి. “సరే. పిల్లంటే బండి. అయితే ఏంటి? ఆ పంపాల్సిందేనన్న మనిషి ఎవరు? అది చెప్పండి ముందు.”

“మీరూ కావచ్చు. లోపమున్న బండిని బోర్డు ముందుకి పంపితే ఈ బ్రాండు అక్కడికక్కడే మూసేస్తారు. మీకు కావలసింది అదేగా?”

“మేడం,” అన్నాడు కత్తెర చాలా నెమ్మదిగా. “నేను ఫ్యాక్టరీలను కాగితం మీద చంపుతాను. మనుషుల్ని గుంటల్లోకి తొయ్యాల్సిన అవసరం నాకు లేదు. ఆరేళ్ళుగా నష్టాల్లో ఉన్నదాన్ని మూయించడానికి బ్రేకులు కొయ్యక్కర్లేదు.”

“నష్టాలెవరి వల్ల?” మేనేజరు గొంతు ఉన్నట్టుండి లేచింది. “తొమ్మిదేళ్ళు ఒక్క కొత్త మోడల్ ఇవ్వలేదు మీరు. మీ పెద్ద బ్రాండుకి పనికిరాని సామానంతా మా మీద వేశారు. మీ సీట్లు, మీ గొట్టాలు, మీ స్విచ్చులు. మావాళ్ళు వాటినే సాగదీసి, కుదించి బండి చేశారు. ఇంకో రెండు గంటలు మాకు ఊపిరాడనివ్వండి, చాలు.”

“ఆ బండిని వెనక్కి పిలవాలి సార్,” అంది డిటెక్టివ్. “దాని బ్రేకుల్లో లోపముంది. మామ దేన్నో నలభైసార్లు పరీక్షించి, లెక్క గోడ మీద గీశాడు. కుడి చక్రం కింద బ్రేకు ఆయిల్ పడి నేల రంగు లేచింది. ఆయన రాసిన కాగితం కనబడటం లేదు.”

“వాడిది చాదస్తమండీ. మంచి మనిషే, కానీ చాదస్తం.” మేనేజరు వాచీ చూసుకున్నాడు. “ట్రాక్‌కి పోయేది చదునైన రోడ్డు. పావుగంట దారి. బండికేం కాదు, పూచీ నాది.”

తలుపు దగ్గర వాచ్‌మన్ ఆయాసపడుతూ నిలబడ్డాడు. అతని చేతిలో ఫోను మోగుతోంది.

“మేడం, సొరుగులో ఇది ఆగకుండా మోగుతోంది. మామ కూతురి ఫోను. ఎత్తితే వాళ్ళ అత్తగారట. కోడలు బయల్దేరి వస్తున్నానంది, ఎంతదాకా వచ్చిందని అడుగుతోంది.”

డిటెక్టివ్ అతని వైపు తిరిగింది. “ఆమె రిసెప్షన్లో లేదా?”

“లేదండి. ఒక్కతే కూర్చుందని మేనేజరు గారే, ట్రాక్‌కి పోయే బండిలో ఎక్కించి ఇంటి దగ్గర దింపమన్నారు. ఎక్కాక గేటు దగ్గర ఆ అమ్మాయి అత్తగారికి ఫోన్ చేసి, నాన్న లేని ఇంటికి పోలేను, మా అత్తగారింటికి తీసుకుపొమ్మంది. డ్రైవరు సరేనన్నాడు.”

“మా అమ్మ ఇల్లు కొండ అవతల!” అల్లుడు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

“కొండదారా?” అన్నాడు మేనేజరు. “వాళ్ళ నాన్న ఇంటికి కదా దింపమన్నాను. నాలుగు వీధుల అవతలే కదా! పిలవండి. వాణ్ణి పిలవండి! స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పొద్దని చెప్పండి!”

“డ్రైవరు ఫోను కూడా సొరుగులోనే ఉంది సార్,” అన్నాడు వాచ్‌మన్.

అతని చేతిలోని ఫోను ఇంకోసారి మోగి ఆగిపోయింది.

“నేను కుడి చక్రం అన్నాను,” అంది డిటెక్టివ్. “ఎడమకి తిప్పొద్దని మీకెవరు చెప్పారు?”

మేనేజరు బల్ల అంచు పట్టుకున్నాడు. అబద్ధం చెప్పడానికి ఆయనకు వ్యవధి ఉంది. దాన్ని వాడుకోలేదు. ప్యాంటు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పైన నాలుగు వందల పద్నాలుగు అని ఉంది.

“వాళ్ళ పెద్ద కారు బ్రేకు గొట్టం రెండు వేళ్ళు పొడవెక్కువ. ఎడమకి పూర్తిగా తిప్పితే కుడి చక్రానికి రాసుకుంటుంది. సంతకం పెట్టరా, తర్వాత మార్చుకుందామన్నాను. పెట్టనన్నాడు. కాగితం లాక్కున్నాను. వాడు వెనక్కి తూలాడు... నేను తొయ్యలేదు. పట్టుకోనూ లేదు.” ఆయన డిటెక్టివ్‌ని బతిమాలుతున్నట్టు చూశాడు. “నలభైసార్లు తిప్పితే గానీ తెగదని రాశాడండీ. ట్రాక్ మీద నాలుగుసార్లు కూడా తిప్పరు. లెక్క చూసుకునే ఎక్కించాను ఆ పిల్లని. ఎత్తుకుని ఆడించిన పిల్ల.”

“ఆ నలభైసార్లూ ఆయన తిప్పేశాడు,” అంది డిటెక్టివ్. “మొన్ననే, ఆ బండి మీదే. గొట్టం అప్పటికే చిట్లింది కాబట్టే నేల మీద ఆయిల్ పడింది. ఇంకొక్కసారి పూర్తిగా తిప్పితే తెగిపోతుంది.”

మేనేజరు కింద కూర్చుండిపోయాడు.

కత్తెర అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని పోలీసులకు బండి రంగు, నంబరు చెబుతున్నాడు. రెండో చేత్తో జేబులోంచి తన కారు తాళం తీసి డిటెక్టివ్ వైపు విసిరాడు.

“కొండదారిలో ఎడమకి పూర్తిగా తిప్పాల్సిన మలుపు ఎక్కడ?” ఆవిడ అల్లుణ్ణి అడిగింది.

“ఎక్కేటప్పుడు అన్నీ కుడివే మేడం. దిగేటప్పుడు మొదటిదే ఎడమ. నీళ్ళ ట్యాంకు దాటగానే, లోయ పక్కన.”

“గేటు నుంచి అక్కడికి ఎంతసేపు?”

“అరగంట.”

బండి గేటు దాటింది రెండూ పదికి. గోడ గడియారంలో రెండూ ముప్పై ఏడు.

అల్లుడు అప్పటికే గదిలో లేడు. మెట్ల మీద అతని అడుగులు వినబడుతున్నాయి. ఆపమని కత్తెర ఎవరికీ చెప్పలేదు.